పేరు లేని వీరగల్లు

ఆండర్సన్‌పేట
13 జూన్ 2023

పెదనాన్నా,

నమస్కారం. నీ చెవులకు ఫోను పనికిరాదు. ఫోనులో రాసి పంపితే అక్షరాలు చీమల బారులా ఉన్నాయని చదవవు. ఇక మనకు పోస్టాఫీసే దిక్కు. బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు చదివిన నాకు తెలుగు అక్షరాలు దిద్దించినవాడివి నువ్వే. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపకు. ఇప్పుడు నేను కూడా పాఠాలు చెప్పేదాన్నే.

మా కాలేజీ మ్యూజియంలో ఉపన్యాసాలు మొదలుపెట్టాం. ప్రతి నెలా రెండో శనివారం. ఊళ్ళో ఎవరైనా రావచ్చు. శిల్పాలు, చరిత్ర, తవ్వకాల్లో బయటపడ్డవి, వీటి మీద తెలిసినవాళ్ళు వచ్చి మాట్లాడతారు. మొన్న శనివారం మొదటిది జరిగింది, పాండవుల గుళ్ళ మీద. అవి గుళ్ళు కావనీ, బండలతో కట్టిన పాతకాలపు సమాధులనీ తెలిసి మా పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. వచ్చే నెల కోలారమ్మ గుడి శిల్పాలు. ఆగస్టులో ఎవరనుకున్నావు? నీ తమ్ముడు దాసప్ప కూతురు! నాన్న ఉండి ఉంటే దగ్గుకుంటూనైనా వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. రాసేటప్పుడు కళ్ళు తడిశాయి, దాచడం దేనికి.

నేను మాట్లాడబోయేది మా హాల్లో ఉన్న వీరగల్లు మీద. పోరులో చచ్చిపోయినవాడి గుర్తుగా నిలిపిన రాయి. వివరాల కోసం పాత రిజిస్టరు తిరగేస్తే ఏముందో తెలుసా? "2006లో తెచ్చినది. గంగరాజుల కాలం నాటిది కావచ్చు. చూపినవారు: ఈశ్వరప్ప, రాతి మేస్త్రీ." నువ్వే! ఇన్నేళ్ళలో ఒక్క మాట చెప్పలేదేం? అది మొదట ఏ ఊరిది, నీకు ఎలా కనబడింది, అన్నీ వివరంగా రాయి. ఉపన్యాసం బాగా జరిగితే నా ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాస్తానని ప్రిన్సిపాల్ నంజుండప్ప సారు అన్నారు. ఐదేళ్ళ నుంచి గెస్టు లెక్చరర్ని. ఏ ఇంట్లోనైనా చుట్టం ఐదేళ్ళు ఉంటాడా?

ఇంకో విషయం. ఉపన్యాసానికి ఒక ముసలామె వచ్చింది, బంగారుపేట నుంచి రైల్లో. మాట్లాడడానికి వచ్చిన సారు ఇంగ్లీషూ కన్నడం కలిపి చెప్పిన పాఠం ఆమెకేం అర్థమైందో దేవుడికే తెలియాలి. గంటన్నరసేపు వీరగల్లు ఎదురుగా ఉన్న కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఏళ్ళ తరబడి అప్పుడప్పుడూ వచ్చి అలాగే కూర్చుని పోతుందట.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
సుమ

మాలూరు
24 జూన్ 2023

అమ్మా సుమా,

నీ ఉత్తరం అందింది. మూడు తప్పులున్నాయి, ఎక్కడో చెప్పను.

నేను బాగున్నాను. మా అబ్బాయి హేమంత్ ఫ్యాక్టరీకి పోయాక అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళ పెదవులు చూస్తూ ఉంటాను. ఎవరేం మాట్లాడుకుంటున్నారో సగం తెలుస్తుంది. కోలారు బంగారు గనిలో పనిచేసే రోజుల్లో డ్రిల్లు మోతకు ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. చెవులు తీసుకున్న గని ఆ విద్య ఇచ్చింది. నోటితో మన మాట మాట్లాడినా, పెన్ను పట్టుకుంటే మాత్రం మా అయ్యవారు బెత్తంతో నేర్పిన తెలుగే వస్తుంది.

నువ్వు పదిమందిలో నిలబడి చరిత్ర చెబుతావంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరున్నారు? కానీ ఆ రాయి దేనికమ్మా? మీ మ్యూజియంలో కుండలున్నాయి, నాణేలున్నాయి. కుండల మీద చెప్పు, వినడానికి బాగుంటుంది. ఆ రాయి ఏ ఊరిదో నాకు జ్ఞాపకం లేదు. దారి పక్కన ఉండేది. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు తోసేయబోతుంటే మీ కాలేజీ సారుకు చూపించాను. అంతే. డెబ్భై నాలుగేళ్ళ వాణ్ణి, నిన్న తిన్న కూరే గుర్తుండదు.

ఆ ముసలామె ఒక్కతే వస్తుందా, తోడు ఎవరైనా ఉన్నారా? మనిషి బాగా చిక్కిపోయిందా? ఊరికే అడిగాను.

మీ పెదనాన్న
ఈశ్వరప్ప

ఆండర్సన్‌పేట
13 ఆగస్టు 2023

పెదనాన్నా,

నీ మాట వినలేదు, మన్నించు. నిన్న వీరగల్లు మీదే మాట్లాడాను. హాలు నిండిపోయి కొందరు గుమ్మంలో నిలబడ్డారు. చివర్లో నంజుండప్ప సారు లేచి చప్పట్లు కొట్టారు. కోలారు నుంచి వచ్చిన పత్రికా విలేకరి ఫోటో తీసుకున్నాడు.

ఏం చెప్పానో విను. మామూలు వీరగల్లుల్లో లేనివి మన రాతిలో నాలుగున్నాయి. వీరుడి నుదుటి మీద గుండ్రటి ఆభరణం. ఇలాంటిది ఇంకెక్కడా చూడలేదు, ఈ ప్రాంతపు ప్రత్యేకత అన్నాను. అతన్ని స్వర్గానికి తీసుకుపోయే విమానం గుండ్రంగా కాకుండా పెట్టెలా ఉంది, పైన తాడు కూడా ఉంది. చేతిలో కత్తికి వంపు లేదు. కాళ్ళ దగ్గర కుక్క. యజమానితోపాటు పోరాడి చనిపోయిన వేటకుక్క అయి ఉంటుందని చెబితే ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నీ దగ్గర ఒక సంగతి ఒప్పుకోవాలి. ఉలి గాట్లు మరీ పదునుగా ఉన్నాయని ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. లోపల భద్రంగా ఉంది కదా, అందుకే అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావలసింది.

కింద అక్షరాల వరస ఉండేదనీ, ఎవరో దాన్ని చెక్కి తీసేశారనీ చూపించాను. "ఈ వీరుడి పేరు మనకు ఎప్పటికీ తెలియదు. గెలిచిన శత్రువు మనిషిని చంపి ఊరుకోలేదు, పేరును కూడా చంపాడు" అన్నాను. అప్పుడు ఆ ముసలామె లేచి నిలబడింది.

"ఆయప్పకి పేరుండాది గదమ్మా" అంది.

"మీకు తెలుసామ్మా? ఏం పేరు?"

నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. "ఏమీ లేదులేమ్మా. ఇంగ నువ్వు చెప్పు" అని కూర్చుంది. పిల్లలు నవ్వారు. నేను కూడా నవ్వాను.

అందరూ పోయాక ఆమె తాడు దాటి చెయ్యి చాపబోతే వాచ్‌మన్ అరిచాడు, ముట్టరాదని బోర్డు ఉంది కదా. పేరు అడిగాను. చిన్నవెంకటమ్మ అంది. నీకు తెలిసినామెనా? పోయినసారి అంతగా అడిగావు.

సుమ

మాలూరు
21 ఆగస్టు 2023

అమ్మా సుమా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. అన్నం సహించడం లేదు. హేమంత్ డాక్టరు దగ్గరికి పోదామంటున్నాడు. ఇది డాక్టరు తీర్చేది కాదు.

ఆ రాయి గంగుల నాటిది కాదు. దాన్ని చెక్కింది నేను.

మునేష్ అని నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, డ్రిల్లరు. అతను కొండ తొలుచుకుంటూ ముందుకు పోతే, వెనకాల పైకప్పు కూలకుండా నేను రాతి గోడ కట్టుకుంటూ పోయేవాణ్ణి. పదకొండేళ్ళు అలా ఒకరి వెనక ఒకరం. 1988లో ఒక పొద్దున ఎయిర్ బ్లాస్ట్ అయింది. లోతున కొండ తన బరువుకు తానే పేలడాన్ని మేము అలా అనేవాళ్ళం. అది కొండ చేసే పని, ఎవరినీ అనడానికి లేదు. ఆ వారం నాది ఇంకో షిఫ్టు. తొమ్మిది రోజులు రాళ్ళు తీశాం. మునేష్ దొరకలేదు. ఇంకా తీస్తే ఇంకొందరు పోతారని ఆ చోటు మూసేశారు. గని మూతపడ్డాక నీళ్ళు నిండాయి. అతనింకా అక్కడే ఉన్నాడు.

అతని పెళ్ళాం చిన్నవెంకటమ్మ. ఆమెకు శవం లేదు, సమాధి లేదు. "పడి ఏడ్చేదానికి ఏదన్నా ఒకటి ఉండల్ల గదన్నా, యాడ ఏడవల్ల నేను?" అని అడిగింది. నేను రాతి మేస్త్రీని. మా ఊరి చివర ఒక వీరగల్లు ఉండేది, దానికి మొక్కి పొలానికి పోయేవాళ్ళం. చచ్చినవాడికి నాకు తెలిసిన మర్యాద అదొక్కటే. సెలవు రోజుల్లో కూర్చుని ఐదు నెలలు చెక్కాను. నువ్వు నుదుటి ఆభరణం అన్నది టోపీ లైటు. విమానం అన్నది మమ్మల్ని గనిలోకి దించి ఎక్కించే కేజి. కత్తి కాదు, గడ్డపార. అది కుక్క కాదమ్మా, ఆవు. గనివాళ్ళ ఇళ్ళ వరసను లైను అనేవాళ్ళం, మునేష్ తన లైనింట్లో ఆవును సాకేవాడు. నాకు గోడలు కట్టడం వచ్చినంతగా ఆవును చెక్కడం రాలేదు. వేరే రోజైతే నీ కుక్క సంగతికి పడీపడీ నవ్వేవాణ్ణి.

అడుగున "మునేష్ 1988" అని చెక్కి వాళ్ళ లైను మొదట్లో నిలబెట్టాం. చిన్నవెంకటమ్మకు చదువు రాదు. రోజూ పొద్దున పసుపు పూసి, ఆ అక్షరాల గాడిలో వేలు పెట్టి దిద్దేది. అలా దిద్ది దిద్ది ఆ ఒక్క పేరు రాయడం నేర్చుకుంది.

2006లో రోడ్డు పని వచ్చింది. కంట్రాక్టరు "గుడా? సమాధా? ఏమీ గాదే, తీసేయండి" అన్నాడు. నేను మీ కాలేజీకి పరుగెత్తాను. అప్పటి చరిత్ర సారు "పాతదైతే రేపే తీసుకుపోతాం, కొత్తదైతే మేమేం చేసుకుంటాం?" అన్నాడు. పాతదే, రాజుల కాలం నాటిదని చెప్పాను. మర్నాడు తెల్లారకముందే పోయి ఉలితో పేరు చెక్కి తీసేశాను. సంవత్సరం చెక్కి తీసేశాను. ఇసుకరాయితో రుద్ది, నూనె, మసి పూశాను. మీ సారు వచ్చి తడిమి చూసి "అయ్యో, ఎవరో చెరిపేశారే" అని బాధపడ్డాడు.

పేరును కూడా చంపిన శత్రువు అన్నావే, అది నేనే. పదిహేడేళ్ళలో సగం రాత్రులు నన్ను నేను అదే మాట అనుకున్నాను. ఇప్పుడు అదే నీ చేతి రాతలో చదివాను.

తర్వాత చిన్నవెంకటమ్మకు చెప్పాను, నోరు విప్పితే రాయి పోతుందని. తలూపింది. మళ్ళీ ఆమె ముఖం చూడలేక నేను అటువైపే పోలేదు.

పెదనాన్న

ఆండర్సన్‌పేట
2 సెప్టెంబరు 2023

ఈశ్వరప్ప గారికి,

జూన్‌లోనే చెప్పి ఉంటే ఏమయ్యేది? "కుండల మీద చెప్పు" అని రాశారు. ఆ మాటల చోట నిజం రాసి ఉండొచ్చు. ఒక మనిషిని ఆమె మొగుడి రాయి ఎదుట కూర్చోబెట్టి, వీడి పేరు ఎవరికీ తెలియదని మైకులో చెప్పాను. ఆమె తెలుసంటే నవ్వాను. నవ్వులపాలైతే అవుతాను, దానికి కాదు నా ఏడుపు. నాతో ఆ నవ్వు నవ్వించింది మీరు. నాకు అనుమానం వచ్చి కూడా నోరు మూసుకున్న పాపం నాది, అది మీ మీద వెయ్యను.

నిన్న బంగారుపేట వెళ్ళాను. చిన్నవెంకటమ్మ తన అక్క కూతురు రత్న ఇంట్లో, ఒకే గదిలో ఐదుగురితో ఉంటోంది. కాళ్ళ మీద పడ్డాను. లేపి మంచినీళ్ళిచ్చింది. అందరికీ నిజం చెప్పేస్తానన్నాను.

"వద్దు తల్లీ. పాతది గాదని తెలిస్తే ఎత్తి బయట పారేస్తారు. ఈ ఇంట్లో నేను పడుకునేదానికే చోటు లేదు, రాయిని యాడ పెట్టుకునేది? ఇంగ ఆయప్ప నాకు యాడ కనబడతాడు?"

"మరి ఆ రోజు ఎందుకు లేచారమ్మా?"

"నువ్వు అందరి పేర్లూ చెప్తా ఉంటివి. ఆ రాజు, ఈ రాజు అని. ఆయప్ప పేరు గూడా మైకులో ఒక్కతూరి ఇనబడితే బాగుండు అనిపించినాది. అంతే."

పేరు చెబితే రాయి పోతుంది. రాయి ఉండాలంటే పేరు ఉండకూడదు. ఆమెకు రెండూ దక్కే దారి నాకు తెలియడం లేదు. మీకు తెలిస్తే రాయండి.

సుమ

మాలూరు
10 సెప్టెంబరు 2023

సుమా,

నన్ను "మీరు" అన్నావు. అనవలసిందే.

నాకు దారి తెలియదు. తెలిస్తే ఆ రోజు ఉలి పట్టేవాణ్ణి కాదు. చెప్పకమ్మా. రాయి పోతుంది, నీ ఉద్యోగం కూడా పోతుంది. చేసినవాణ్ణి నేను. మొయ్యవలసింది కూడా నేనే. ముసలాడి మాట ఈ ఒక్కసారి విను.

ఈశ్వరప్ప

ఆండర్సన్‌పేట
16 అక్టోబరు 2023

పెదనాన్నా,

ఈసారి కూడా నీ మాట వినలేదు.

ముందు నంజుండప్ప సారుతో ఒంటరిగా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నూరేళ్ళు నిండని రాయి హాల్లో ఉంటే రేపు తనిఖీకి వచ్చినవాళ్ళకు నేనేం చెప్పనమ్మా?" అన్నారు. పారేయొద్దని బతిమాలాను. నాలుగు రోజులు తిప్పుకుని చివరికి సైకిల్ స్టాండు పక్కన, రేకుల కింద చోటు ఇచ్చారు. అక్కడినుంచి ఎవరూ కదపరని కాగితం రాయించుకున్నాను. ఆ కాగితం పట్టుకుని బంగారుపేట పోయి చిన్నవెంకటమ్మను అడిగాను. కాగితం తిప్పి తిప్పి చూసి, "అయితే చెప్పు తల్లీ" అంది.

మొన్న శనివారం కోలారు నుంచి వచ్చిన సారు ఉపన్యాసానికి ముందు ఐదు నిమిషాలు అడిగి మైకు తీసుకున్నాను. నేను ఆగస్టులో చెప్పింది తప్పని చెప్పాను. టోపీ లైటు, కేజి, ఆవు, అన్నీ చెప్పాను. "ఈయన పేరు మునేష్. మన గనిలో డ్రిల్లరు. 1988లో పోయారు. వారి భార్య ఇక్కడే ఉన్నారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నీ పేరు కూడా చెప్పాను, దాచలేదు.

సాయంత్రం రాయిని బయటికి తెచ్చారు. హాల్లో ఉన్నంతకాలం ముట్టుకోనివ్వలేదు కదా. చిన్నవెంకటమ్మ దగ్గరికి పోయి రెండు చేతులూ వేసింది. పెదనాన్నా, ఆమె ఏడ్చిన ఏడుపు రాయలేను. పోయింది నిన్నో మొన్నో అన్నట్టు ఏడ్చింది.

నా సంగతి అంటావా, ఉపన్యాసాలు ఇకనుంచి బయటివాళ్ళే ఇస్తారట. నేను కుర్చీలు వేయించాలి. ఉద్యోగం ఖాయం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బాధగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. మన ఇంట్లో ఇంక అబద్ధాలు చాలు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. అయినా ఒకటి అడుగుతున్నాను. ఉలి తీసుకుని రా. పేరు చెరిపిన చోట మళ్ళీ పేరు పెట్టు. ఆమె అడగలేదు, నేనే అంటున్నాను. నిన్న చూస్తే రాయి ముందు ఎవరో కొవ్వొత్తి కూడా పెట్టి పోయారు. ఇప్పుడది అందరికీ తెలిసిన రాయి, భయం లేదు.

సుమ

మాలూరు
17 నవంబరు 2023

అమ్మా సుమా,

మొన్న బుధవారం వచ్చాను. నువ్వు పరీక్షల పనిమీద కోలారు పోయావట. నువ్వు లేకపోవడమే మంచిదైంది.

హేమంత్ వద్దంటున్నా వినకుండా పొద్దుటి రైలెక్కాను. ఉలులు పదును పెట్టించుకున్నాను. చేతులు వణుకుతాయని ఇంటి దగ్గర ఒక బండ మీద పది రోజులు అదే పేరు చెక్కి చెక్కి సాధన చేశాను. పదో రోజుకు బాగా వచ్చింది. చిన్న పిల్లవాడిలా సంబరపడ్డాను.

చిన్నవెంకటమ్మ రాయి దగ్గరే ఉంది. తల నెరిసిపోయింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. పక్కన ఇంకొకామె మోకాళ్ళ మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగిస్తోంది. ఇసబెల్లా అట. ఆమె కొడుకు సెల్వరాజ్ కూడా గనిలో దొరకనివాడే. నువ్వు మైకులో చెప్పిన సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ఇప్పుడు నలుగురైదుగురు ఆడవాళ్ళు వస్తున్నారట, తమవాళ్ళ శవం ఇంటికి రానివాళ్ళంతా. ఒకరు పసుపు పూస్తారు, ఒకరు కొవ్వొత్తి పెడతారు.

నేను సంచి విప్పాను. "పేరు మళ్ళా పెడతానమ్మా. పెట్టనా?" అని అడిగాను. అడుగుతున్నానే గానీ, ఉలి అప్పటికే రాతి మీద ఆనించాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

ఆమె పెదవులు చూశాను. నాకు సరిగ్గానే తెలిసింది. అయినా నమ్మబుద్ధి కాక, "ఇంగోసారి చెప్పు" అన్నాను. విడివిడిగా, నిదానంగా చెప్పింది.

"వద్దన్నా. పేరు పెడితే అది నా మొగుని రాయి అయిపోతాది. రేపట్నించీ ఈయమ్మ యాడికి పోవల్ల? నాకేమో మైకులో ఇనబడినాది, చాలు."

"నేను చేసింది దిద్దుకోనీ తల్లీ" అన్నాను.

అప్పుడు నా కళ్ళలోకి చూసింది. "నువ్వు చెరిపిన పొద్దు నేను ఎప్పట్లాగా పసుపు తెచ్చినాను. వేలు పెట్టి చూస్తే పేరు లేదు. ఆయప్ప రెండోతూరి పోయినాడని అప్పుడే అనుకున్నా. ఆ దినం నన్ను ఒక్క మాట అడగల్యా నువ్వు. ఈ దినం అడిగినావు గదా. వద్దంటా ఉండా."

ఉలి సంచిలో పెట్టుకున్నాను. ఇసబెల్లాది తమిళం, మన మాటలు అర్థమయ్యాయో లేదో, నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. కాసేపు కూర్చున్నాను.

రాయిని కాపాడానని పదిహేడేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అడిగి ఉంటే ఆమె "పేరు మాత్రం ముట్టొద్దు, రాయి పోతే పోనీ" అనేదేమో. ఆ మాట వస్తుందనే అడగలేదేమో నేను. పేరు మళ్ళీ చెక్కితే పాపం తీరిపోతుందని ఆశపడి రైలెక్కాను సుమా. అది నా చేతిలో ఉన్నది కాదు. ఇంటి దగ్గర సాధన చేసిన బండ మీద మునేష్ పేరు పదిసార్లు ఉంది. హేమంత్ దాన్ని ఏం చేయమంటావని అడుగుతున్నాడు.

మీ పెదనాన్న
ఈశ్వరప్ప